పాత మియాటాలో ఎర్ర కూలెంట్: ఏళ్ళ తరబడి వాడాక నా సమీక్ష

కారు 1994 మాజ్డా మియాటా, 1.8 లీటర్ ఇంజన్. మేముండేది మిషిగన్‌లో కాబట్టి మంచు కరిగాక రోడ్డెక్కుతుంది, మళ్ళీ మంచు పడే దాకా తిరిగి చలికాలమంతా గరాజ్‌లో ఉంటుంది. ఇందులో మొదట మామూలు పచ్చ కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) వాడాను. తర్వాత టొయోటా లాంగ్ లైఫ్ ఎర్ర కూలెంట్‌కి మారాను, అప్పటి నుంచి అదే నడుస్తోంది. పాత జపాన్ స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్ళు అడిగితే నేను చెప్పేది ఒకటే. ఈ రకం నిశ్చింతగా పోసుకోండి, నీళ్ళు కలపని కాన్సంట్రేట్ మాత్రమే కొనండి, డబ్బా మీద ఎంత లాంగ్ లైఫ్ అని రాసి ఉన్నా మూడేళ్ళు దాటనివ్వకండి.

మాజ్డా కారులో టొయోటా కూలెంట్ ఏమిటని చాలామంది అడుగుతారు. దానికి జవాబు కారు కొన్న కొత్తలోనే దొరికింది. అంతకుముందు ఓనర్ దగ్గర ఉండగా ఏదో షాపులో పచ్చ కూలెంట్ మీద నారింజ రంగుది కలిపేశారు. రేడియేటర్ మూత తీస్తే రబ్బరు వాషర్ కింద గోధుమరంగు మడ్డి పేరుకుని ఉంది. వేళ్ళ మధ్య నలిపితే జిడ్డుగా ఉండి, లోపల సన్నటి పలుకులు తగిలాయి. ఓవర్‌ఫ్లో ట్యాంక్ అడుగున అదే మడ్డి రెండు వేళ్ళ మందాన పేరుకుంది. వాటర్ పంపు వీప్ హోల్ (సీల్ పాడైతే కూలెంట్ బయటికి కారే చిన్న రంధ్రం) చుట్టూ తెల్లగా, పచ్చగా ఎండిన చార. అంటే పంపు సీల్ లోంచి కొంచెం కొంచెంగా కారుతోందన్నమాట. పంపు వయసు కూడా తక్కువేమీ కాదు కాబట్టి నేరం మొత్తం కూలెంట్ మీద వెయ్యను. కానీ ఆ మడ్డి మాత్రం ముమ్మాటికీ ఆ కలగలుపు పుణ్యమే.

రంగు చూసి కూలెంట్ కొనడం ఇకనైనా మానాలి. రంగంటే డై, అంతే. దానికి అందరూ పాటించే రూలేదీ లేదు. మాజ్డా ఇప్పుడు వాడే ఎఫ్ఎల్22 పచ్చగానే ఉంటుంది, పాతకాలపు మామూలు కూలెంట్ కూడా పచ్చదే, రెండింటి కెమిస్ట్రీకి పొంతనే లేదు. హోండాది నీలం, టొయోటాది ఎరుపు లేదా గులాబి, జీఎం 1990ల మధ్యలో తెచ్చిన డెక్స్‌కూల్ నారింజ. చూడాల్సింది లోపల తుప్పు పట్టకుండా ఏం కలిపారన్నది. పాత పచ్చ కూలెంట్‌లో సిలికేట్లు ఉంటాయి. అవి అల్యూమినియం మీద త్వరగా పొర కడతాయి, అంతే త్వరగా అయిపోతాయి. అందుకే రెండేళ్ళకో, 30,000 మైళ్ళకో మార్చమంటారు. డెక్స్‌కూల్ రకంలో సేంద్రియ ఆమ్లాలు ఉంటాయి. నిదానంగా పనిచేస్తాయి, ఎక్కువ కాలం నిలుస్తాయి. జపాన్ కంపెనీలు మూడో దారి పట్టాయి. సేంద్రియ ఆమ్లాలకి ఫాస్ఫేట్ కలిపి, సిలికేట్ పూర్తిగా తీసేశాయి. సిలికేట్ వాటర్ పంపు సీళ్ళని అరగదీస్తుందని వాళ్ళ లెక్క. యూరప్ వాళ్ళ లెక్క దీనికి తలకిందులు. అక్కడి నీళ్ళలో కాల్షియం ఎక్కువ, ఫాస్ఫేట్ దాంతో కలిస్తే గార కడుతుంది కాబట్టి ఫాస్ఫేట్ వద్దన్నారు.

కాబట్టి నా కారుకి కావలసింది సిలికేట్ లేని, ఫాస్ఫేట్ ఉన్న జపాన్ రకం. తర్వాతి కాలపు మాజ్డా మాన్యువళ్ళలో కూడా సిలికేట్, బోరేట్ ఉన్న కూలెంట్ వాడొద్దనే ఉంటుంది. మరి మాజ్డా వాళ్ళ ఎఫ్ఎల్22 ఎందుకు కాదంటే, అది ముందే నీళ్ళు కలిపి వస్తుంది. పాత కారుని కడిగి నింపేటప్పుడు అదే పెద్ద ఇబ్బంది, ఎందుకో కింద చెప్తాను.

మియాటాకి కూలెంట్ మీద ఇంత పట్టింపు అవసరమా అంటే, అవసరమే. ఈ ఇంజన్ కుటుంబం మొదట ముందు చక్రాల డ్రైవ్ ఉన్న 323 లాంటి కార్ల కోసం పుట్టింది, అక్కడ అడ్డంగా కూర్చునేది. మియాటాలో దాన్ని నిలువుగా తిప్పి పెట్టారు. బానెట్ కింద చోటు కోసం థర్మోస్టాట్‌ని, అంటే ఇంజన్ వేడెక్కాక రేడియేటర్‌కి దారి తెరిచే వాల్వ్‌ని, వెనక నుంచి ముందుకి తెచ్చారు. దాంతో కూలెంట్ ముందు నుంచే లోపలికి వెళ్ళి, ముందు నుంచే బయటికి వస్తుంది. వెనకున్న నాలుగో సిలిండర్ దగ్గరికి హీటర్ వైపు వెళ్ళే కాస్త ప్రవాహం తప్ప పెద్దగా అందదు. అందుకే రేసులకి వెళ్ళేవాళ్ళు రీరూట్ కిట్ పెట్టి ఆ దారి మారుస్తారు. మామూలుగా నడిపేవాళ్ళకి అంత అక్కర్లేదు. కానీ అసలే తక్కువ ప్రవాహం ఉన్న ఆ మూలలో మడ్డి చేరిందంటే హెడ్ గాస్కెట్‌కి (సిలిండర్ హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే సీల్) గండమే. డాష్‌బోర్డ్ మీది టెంపరేచర్ ముల్లు ఈ సంగతి చెప్పదు. అది ఎప్పుడూ పదకొండు గంటల దగ్గరే నిలబడి ఉంటుంది. అది కదిలిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు.

ఇక నింపడం. సిస్టమ్ మొత్తం 6 లీటర్లు. రేడియేటర్ అడుగు ప్లగ్ తీస్తే అంతా దిగదు, ఇంజన్ బ్లాక్‌లో, హీటర్ కోర్‌లో (కారు లోపలికి వేడి గాలి ఇచ్చే చిన్న రేడియేటర్) మిగిలిపోతుంది. నేను డిస్టిల్డ్ వాటర్ పోసి, ఇంజన్ వేడెక్కనిచ్చి, చల్లారాక దింపుతాను. బయటికి వచ్చే నీళ్ళు తేటగా కనిపించే దాకా అదే పని. ఇక్కడే ప్రీమిక్స్‌తో, అంటే ముందే నీళ్ళు కలిపి అమ్మే రకంతో, చిక్కు. కడిగిన నీళ్ళు ఎలాగూ లోపల కొంత ఉంటాయి, వాటి మీద సగం నీళ్ళున్న ప్రీమిక్స్ పోస్తే మొత్తం పల్చబడిపోతుంది. కాన్సంట్రేట్ అయితే లెక్క తేలిక. కింది హోసు కూడా ఊడదీస్తే సగానికి పైనే దిగుతుంది. అప్పుడు ముందు 3 లీటర్ల కాన్సంట్రేట్ కొలిచి పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపితే లోపల ఎన్ని నీళ్ళు మిగిలినా సగం సగమే అవుతుంది. ఒక గ్యాలన్ డబ్బా సరిపోగా, టాప్ అప్‌కి కొంచెం మిగులుతుంది కూడా.

సగం సగం కలిపితే మైనస్ 37 డిగ్రీల దాకా భయం లేదు, మా చలికి అది చాలు. ఎక్కువ పోస్తే ఇంకా మంచిదనుకోకండి. నీళ్ళు కలపని గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది, పైగా వేడిని మోసే పని నీళ్ళదే. ఆ నీళ్ళ విషయంలో మాత్రం రాజీ వద్దు. బోరు నీళ్ళు వాడే ఇంట్లో గీజర్ రాడ్డు మీద తెల్లటి గార ఎలా కడుతుందో, కుళాయి నీళ్ళు పోస్తే ఇంజన్ లోపల కూడా అలాగే కడుతుంది. ఊళ్ళో బ్యాటరీ నీళ్ళని అమ్మేది దొరికితే అదే పోయండి.

గాలి తీయడానికి ఓపిక కావాలి. కారు ముక్కు కొంచెం పైకి లేపి, హీటర్ ఫుల్ హాట్‌లో పెట్టి, ఇంజన్ చల్లగా ఉండగానే మూత తీసి స్టార్ట్ చెయ్యాలి. థర్మోస్టాట్ 88 డిగ్రీల దగ్గర తెరుచుకోగానే బుడగలు వస్తాయి, మట్టం ఒక్కసారి దిగుతుంది, మళ్ళీ నింపాలి. థర్మోస్టాట్ మార్చితే దాని మీద వేలాడే చిన్న పిన్ను పైవైపుకే ఉండాలి, గాలి దాని పక్క నుంచే పోతుంది. తర్వాత బండి తీసినప్పుడు డాష్‌బోర్డ్ వెనక గలగలమని చప్పుడు వినిపిస్తే గాలి ఇంకా ఉన్నట్టే.

ఇన్నేళ్ళ వాడకంలో ఏం చూశానంటే, టైమింగ్ బెల్ట్‌తో పాటు మార్చిన కొత్త పంపు వీప్ హోల్ ఇప్పటికీ పొడిగానే ఉంది. థర్మోస్టాట్ హౌసింగ్ తెరిస్తే అల్యూమినియం మీద గుంటలు లేవు, గార లేదు. నెలల తరబడి కదలకుండా ఉన్నా వసంతంలో మూత తీస్తే ద్రవం ఎర్రగా, తేటగా కనిపిస్తుంది. కారు తిరగకపోయినా కూలెంట్‌లోని రక్షణ కాలంతో పాటు తరుగుతుంది కాబట్టి నేను మైళ్ళు చూడను, క్యాలెండర్ చూస్తాను. నాకు దీంట్లో ఇబ్బందిగా అనిపించింది ఒక్కటే. ఈ కారు పవర్ స్టీరింగ్‌లో పోసే ఏటీఎఫ్ (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్) కూడా ఎరుపే. గరాజ్ నేల మీద ఎర్ర చుక్క కనిపిస్తే ముందు టెన్షన్ పట్టుకుంటుంది. వేలితో ముట్టుకుంటే నూనెలా జారితే ఏటీఎఫ్, అంటుకుంటూ తియ్యటి వాసన వస్తే కూలెంట్. వాసనతోనే ఆపండి, ఇది విషం. ఆ తీపికి కుక్కలు నాకుతాయి కాబట్టి పాతది బకెట్‌లో వదిలెయ్యకుండా మూతున్న డబ్బాలో పోసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చెయ్యండి.

నీళ్ళే లేని వాటర్‌లెస్ కూలెంట్ గురించీ అడుగుతుంటారు. మరిగే డిగ్రీ చాలా ఎక్కువే, కానీ వేడిని మోసే శక్తి తక్కువ, ఇంజన్ ఇంకాస్త వేడిగా నడుస్తుంది. నాలుగో సిలిండర్ కథ తెలిసీ నేను ఇందులో పొయ్యను.

ఇదంతా జపాన్ కార్లకే. ఈ36 బీఎండబ్ల్యూ (1990ల నాటి 3 సిరీస్) ఉంటే బీఎండబ్ల్యూ నీలం రంగుదో, దానికి సరిపడే జీ48 రకమో పోయాలి, అందులో సిలికేట్ ఉంటుంది, ఫాస్ఫేట్ ఉండదు. ఎంజీబీ లాంటి బ్రిటిష్ కారులో సీసం టంకం వేసిన రాగి ఇత్తడి రేడియేటర్ ఉంటే పాత పచ్చ కూలెంటే వాడి, రెండేళ్ళకోసారి మార్చడం మేలు. ఏ కారైనా సరే, మియాటాలో లాగా రేడియేటర్ పై ప్లాస్టిక్ ట్యాంక్ నలుపు పోయి గోధుమరంగుకి తిరిగి ఉంటే కూలెంట్ కొనే ముందు రేడియేటర్ కొనండి. ఆ ప్లాస్టిక్ పెళుసెక్కిందని అర్థం, పగిలిన రోజు లోపల ఏ రంగు పోసినా రోడ్డు పాలే.