విశాఖలో మూడు రోజులకి ఫ్లాటు: బీచ్ రోడ్డు మీదా, వెనక వీధిలోనా?

విశాఖ ట్రిప్పుకి హోటల్ గదులకి బదులు సర్వీస్ అపార్ట్‌మెంటు తీసుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. పిల్లలు, పెద్దవాళ్ళు, ఇంకో జంట కలిసి వెళ్తే మూడు గదుల కంటే ఒక త్రీ బెడ్‌రూమ్ ఫ్లాటే కిట్టుబాటు. రాత్రి అందరూ హాల్లో కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చు కూడా. యాప్ తెరిస్తే మాత్రం ప్రతి ఫ్లాటూ ‘సీ వ్యూ’నే, ప్రతి ఫ్లాటూ ‘బీచ్‌కి ఐదు నిమిషాలే’.

మా ఓటు ముందే చెప్పేస్తాం. మొదటిసారి వచ్చి ఊరు చూడాలనుకునేవాళ్ళకి పాండురంగాపురం, కిర్లంపూడి లేఅవుట్, చినవాల్తేరు కింది భాగం. అంటే బీచ్ రోడ్డుకి ఒకటి రెండు వీధులు వెనక. సరిగ్గా బీచ్ రోడ్డు మీదుండే ఫ్లాటుది రెండో స్థానం. రుషికొండది మూడోది. అది ఎక్కడికీ కదలకుండా సముద్రం చూస్తూ పడుకోవాలనుకునేవాళ్ళకే.

ఈ వరస ఎందుకంటే, కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం, దాని ఎదురుగా 2017లో పెట్టిన టీయూ-142 విమానం, కాళీమాత గుడి, విశాఖ మ్యూజియం అన్నీ ఆర్కే బీచ్ పక్కనే వరసగా ఉంటాయి. పాండురంగాపురంలో దిగితే వీటికి ఆటో అక్కర్లేదు. కైలాసగిరికి 10కె బస్సు, సింహాచలానికి 28 నంబరు ఇక్కణ్ణుంచే దొరుకుతాయి. రుషికొండలో దిగితే ఇవన్నీ చూడ్డానికి రోజూ పది కిలోమీటర్లు వచ్చి, మళ్ళీ పది కిలోమీటర్లు వెళ్ళాలి. స్టేషన్ ఇంకా అవతల. అరకు రైలు ఎక్కేవాళ్ళకి ఇది మరీ ఇబ్బంది. కిరండూల్ ప్యాసింజరు ఉదయం ఏడు లోపే బయల్దేరుతుంది కాబట్టి, రుషికొండ నుంచైతే పిల్లల్ని ఐదింటికల్లా లేపాల్సిందే.

బీచ్ రోడ్డు మీది ఫ్లాటుతో వచ్చే చిక్కు చప్పుడు. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్ దగ్గర కార్లు కదలవు. హారన్లు, బూరలు, ఐస్‌క్రీమ్ బండ్ల గంటలు రాత్రి పది దాటినా వినిపిస్తూనే ఉంటాయి. నేవీ విన్యాసాలో, మారథానో ఉన్న రోజుల్లో రోడ్డు మూసేస్తే సొంత కారు గేటు దాటి బయటికి రాదు. అదే రెండో వీధిలో ఉంటే ఈ గోల సగానికి పైగా తగ్గుతుంది, అద్దె కూడా దిగుతుంది. బాల్కనీలోంచి సముద్రం పూర్తిగా కాకుండా రెండు బిల్డింగుల మధ్య ఒక పట్టీలా కనబడుతుంది, అంతే తేడా. ఆ పట్టీ వ్యూనే కొందరు ‘ఫుల్ సీ వ్యూ’ అని రాస్తారు. ఫొటో బాల్కనీ రెయిలింగ్ అవతల చెయ్యి చాపి తీసిందా, హాల్లో సోఫా దగ్గర నిలబడి తీసిందా చూడండి. రెయిలింగ్ ఫొటోలో కనబడకపోతే అనుమానించండి. సోఫాలో కూర్చుని తీసిన పది సెకన్ల వీడియో పంపమంటే నిజమైన ఓనరు పంపుతాడు.

దూరం విషయంలో ఇంకో మెలిక. విశాఖ ఎగుడుదిగుడు ఊరు. వాల్తేరు అప్‌ల్యాండ్స్, దసపల్లా హిల్స్ అన్న పేర్లే చెబుతాయి సంగతి. మ్యాపులో 700 మీటర్లు అని ఉంటుంది. దిగేటప్పుడు ఎనిమిది నిమిషాల్లో బీచ్‌లో ఉంటారు. వచ్చేటప్పుడు తడి బట్టలు, ఇసక కాళ్ళు, చంకలో పిల్లాడు, పైకి ఎక్కుడు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మ మీతో ఉంటే మ్యాపులో దూరం కాదు, ఎత్తు చూడాలి. స్ట్రీట్ వ్యూలో ఆ వీధిని ఒకసారి నడిపించి చూస్తే తెలిసిపోతుంది.

మిగతా పేటల గురించి క్లుప్తంగా: సిరిపురం బాగుంటుంది, తినడానికి, కాఫీకి లోటుండదు, బీచ్‌కి మాత్రం ఆటో కావాలి. ద్వారకానగర్ ఆర్టీసీ కాంప్లెక్స్‌కి దగ్గర, షాపింగ్‌కి పనికొస్తుంది, సెలవు వాతావరణం ఉండదు. లాసన్స్ బే కాలనీ నిశ్శబ్దంగా ఉంటుంది, రెండోసారి వచ్చేవాళ్ళకి మా సిఫార్సు అదే. ఎంవీపీ కాలనీలో రైతు బజారు ఉంది కాబట్టి వంట చేసుకునేవాళ్ళకి అనుకూలం. మధురవాడలో ఫ్లాట్లు కొత్తవి, పెద్దవి, చవకవి. ఐటీ పని మీద వచ్చేవాళ్ళకి సరే, సముద్రం కోసం వచ్చేవాళ్ళకి కాదు.

ఇక ఫ్లాటు లోపలికి వద్దాం. ఫొటోల్లో హాలు క్రికెట్ ఆడుకునేంత కనబడుతుంది. వైడ్ లెన్స్ మహిమ. దానికి విరుగుడు నేల మీదే ఉంది, టైల్స్ లెక్కపెట్టండి. మన అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా వేసేవి 2×2 అడుగుల విట్రిఫైడ్ టైల్స్. గోడ నుంచి గోడకి ఐదు టైల్స్ ఉంటే గది వెడల్పు పది అడుగులే. అందులో 6×6½ అడుగుల కింగ్ సైజు మంచం వేస్తే రెండు పక్కలా కలిపి మిగిలేది నాలుగడుగులు. ‘ఎక్స్‌ట్రా బెడ్ ఇస్తాం’ అంటే ఆ పరుపు ఎక్కడ పడుతుందో అప్పుడే తేలిపోతుంది. పొడుగు టైల్స్ కనబడితే అవి 4×2వి, లెక్క దాని ప్రకారం వేసుకోండి.

స్టైల్ అంటే గోడకి వేలాడే కొబ్బరి తాళ్ళూ, ‘బీచ్ వైబ్స్’ అని నియాన్ బోర్డూ కాదు. సముద్రం ఒడ్డున అందంగా ఉండే ఇల్లు వేరు, అందంగా మిగిలే ఇల్లు వేరు. తెల్ల గుడ్డ సోఫా ఫొటోకి బాగుంటుంది. రెండో రోజుకి ఇసక, మూడో రోజుకి మురీ మిక్స్చర్ మరక, చివరికి డిపాజిట్లో కోత. కేన్ లేదా చెక్క కుర్చీలు, ఉతకడానికి ఊడొచ్చే కవర్లు, గుమ్మం దగ్గర కాళ్ళు కడుక్కునే కుళాయి ఉన్న ఇంటికి మేం ఎక్కువ మార్కులు వేస్తాం. ఇనుప ఫర్నిచర్ ఉంటే కాళ్ళ దగ్గర చూడండి. ఉప్పు గాలికి తుప్పు మొదట అక్కడే పడుతుంది, పాలరాయి మీద ఎర్ర మచ్చ వదులుతుంది.

కర్టెన్ల గురించి ఎవరూ అడగరు, అందరూ బాధపడేది మాత్రం వాటివల్లే. సముద్రం ఇక్కడ తూర్పు, ఆగ్నేయం వైపు. జూన్‌లో సూర్యుడు ఐదున్నర లోపే వచ్చేస్తాడు, డిసెంబరు చివర్లో ఆరుంపావు దాటాక. బాల్కనీ తలుపు నిండా అద్దమే అయితే, పల్చటి తెల్ల పరదా ఒక్కటే ఉంటే, వేసవి సెలవుల్లో ఇంటిల్లిపాదికీ ఐదున్నరకే తెల్లారుతుంది. బ్లాకౌట్ కర్టెన్ ఉందా అని అడగండి. సూర్యోదయం మంచం మీంచి చూడాలన్న కోరికుంటే చలికాలంలో రండి. అప్పుడు నేరుగా సముద్రంలోంచి లేస్తాడు. జూన్‌లో ఎడమకి, కైలాసగిరి వైపుకి జరిగిపోతాడు. అద్దె తక్కువని వెనక బెడ్‌రూమ్ తీసుకుంటే దానికి పడమటి ఎండ. మే నెలలో ఆ గోడ రాత్రి పదింటికి కూడా వేడిగానే ఉంటుంది.

అందుకే ఏసీ. ‘అన్ని గదుల్లో ఏసీ’ అన్న మాట చాలదు. ఉప్పు గాలి బయటి యూనిట్ వెనక వరసగా ఉండే పల్చటి రేకు రెక్కల్ని (ఫిన్స్) తినేస్తుంది. అల్యూమినియం రెక్కలు పొడిపొడిగా రాలిపోతే వేడి బయటికి పోదు, కంప్రెసరు ఆగకుండా తిరుగుతుంది, గది మాత్రం 27 డిగ్రీల దగ్గరే మొరాయిస్తుంది. బాల్కనీలో బిగించిన ఆ యూనిట్ ఫొటో అడగండి, వెనకవైపుది. రెక్కలు నిటారుగా, మెరుస్తూ ఉంటే సరే. తెల్లగా బూజు పట్టినట్టో, చింపిరిగానో ఉంటే వద్దు. 120 చదరపు అడుగుల గదికి ఒక టన్ను సరిపోతుంది, 150 దాటితే ఒకటిన్నర ఉండాలి. హాల్లో ఏసీ ఉందో లేదో విడిగా అడగాలి. చాలా ఇళ్ళలో ఉండదు, ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆ ఉక్కపోతలో హాలు వృథా. ‘రోజుకి ఇన్ని యూనిట్ల కరెంటే ఉచితం’ అన్న నిబంధన ఉంటే దిగగానే మీటరు ఫొటో తీసుకోండి.

నీళ్ళ సంగతి ఇంకా ముఖ్యం. బీచ్ పక్కన బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. సబ్బు నురగ రాదు, జుట్టు జిడ్డు కట్టినట్టుంటుంది. ‘స్నానాల గదిలో వచ్చేవి బోరు నీళ్ళా, జీవీఎంసీ (నగరపాలక సంస్థ) నీళ్ళా’ అన్న ఒక్క ప్రశ్న అడగండి. తాగడానికి ఇరవై లీటర్ల టిన్ను వాళ్ళే పెడతారా, ఎన్ని పెడతారు అన్నది కూడా. గీజరు విషయంలో మూడు లీటర్ల ఇన్‌స్టంట్‌ది ఉంటే బకెట్ స్నానానికి నెమ్మదిగా నింపుకోవచ్చు, షవరు పూర్తిగా తిప్పితే గోరువెచ్చగా కూడా రాదు. ఆరుగురు ఉంటే 15 లీటర్లది కనీసం రెండు బాత్‌రూముల్లో కావాలి. ఒకసారి ఖాళీ అయితే మళ్ళీ కాగడానికి ఇరవై నిమిషాలు. గుడికి వెళ్ళే రోజు పొద్దున ఈ లెక్క తేడా వస్తే ఇంట్లో గొడవే.

వంటగది ఉందని ఫ్లాటు తీసుకునేవాళ్ళు మూడు అడగాలి. గ్యాస్ పొయ్యా, ఇండక్షనా? ఇండక్షన్ అయితే దానికి పనికొచ్చే గిన్నెలు ఉన్నాయా? చేపలు వండనిస్తారా? ఫిషింగ్ హార్బరుకి పొద్దున్నే వెళ్ళి వంజరం, రొయ్యలు తెచ్చుకున్నాక ‘వెజ్ ఓన్లీ’ అని వంటగది గోడ మీద చీటీ కనబడితే పడే బాధ అంతా ఇంతా కాదు. మిక్సీ, కుక్కరు గాస్కెట్టు, పదునైన కత్తి ఉన్నాయా అని అడిగితే ఓనరు నవ్వుకుంటాడు, నవ్వుకోనివ్వండి.

లిఫ్టుకి జనరేటరు ఉండటం వేరు, ఫ్లాటులోకి ఇన్వర్టరు ఉండటం వేరు. ‘పవర్ బ్యాకప్ ఉంది’ అంటే ఏదో ఒకటే అయ్యుంటుంది. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. ఆ రోజుల్లో తొమ్మిదో అంతస్తు సీ వ్యూ కంటే జనరేటరున్న మూడో అంతస్తు మేలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టిన ఊరిది, పై అంతస్తుల స్లైడింగ్ అద్దాల మీద గాలి ఒత్తిడి ఎలా ఉంటుందో స్థానికులకి తెలుసు. మామూలు రోజుల్లో కూడా పైన గాలికి తలుపులు ధడేలుమంటాయి. డోర్ స్టాపర్లు లేకపోతే పిల్లల వేళ్ళు జాగ్రత్త. బాల్కనీ రెయిలింగు మూడున్నర అడుగులు తగ్గకూడదు, దాని పక్కన ఎక్కడానికి వీలుగా కుర్చీ వెయ్యకూడదు.

డబ్బు ఇచ్చేముందు చూడాల్సింది బిల్డింగ్ అసోసియేషన్ అనుమతి. ‘వాచ్‌మన్ అడిగితే మా చుట్టాలమని చెప్పండి’ అని ఓనరు మెసేజ్ పెడితే అక్కడే ఆగిపోండి. రోజువారీ అద్దెలు వద్దని ఆ అసోసియేషన్ తీర్మానించి ఉంటుంది. అర్ధరాత్రి గేటు దగ్గర మాటలు పడేది మీరు, ఓనరు కాదు. బిల్లు ఇవ్వరు, కారుకి స్లాటూ ఉండదు. సక్రమంగా నడిపేవాళ్ళు ఐడీలు ముందే అడుగుతారు. మాస్క్‌డ్ ఆధార్ పంపితే చాలు, పూర్తి నంబరు అక్కర్లేదు. అమెరికా నుంచి వచ్చిన మనవడికి అక్కడి పాస్‌పోర్టు ఉంటే, ఓనరు 24 గంటల్లో అతని వివరాల ఫారం (ఇదివరకు ఫారం-సి అనేవారు) ప్రభుత్వానికి ఆన్‌లైన్‌లో పెట్టాలి. ‘అదేంటి’ అని అడిగే ఓనరు దగ్గర దిగకపోవడమే మంచిది.

అద్దె పోల్చేటప్పుడు రాత్రికి ఎంత అన్నది చూడకండి, మొత్తం చూడండి. రాత్రికి 3,000, క్లీనింగ్ 1,000 అనుకుందాం. రెండు రాత్రులకి 7,000, మీద 5 శాతం జీఎస్టీ కలిపితే 7,350. అంటే రాత్రికి 3,675 పడింది. అదే నాలుగు రాత్రులుంటే రాత్రికి సుమారు 3,410. క్లీనింగ్ చార్జీ ఎక్కువున్న ఫ్లాటు ఒక్క రాత్రికి ఎప్పుడూ గిట్టదు. గది అద్దె రోజుకి 7,500 దాటితే జీఎస్టీ 18 శాతానికి ఎగబాకుతుంది. పెద్ద ఫ్లాట్లు సరిగ్గా ఆ గీతకి అటూ ఇటూ ఉంటాయి, పన్ను కలిపిన అంకె చూశాకే ఏది చవకో తేల్చండి.

దిగేవేళ గురించి ముందే తేల్చుకోండి. హైదరాబాద్ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వస్తే తెల్లవారుజామునే స్టేషన్లో ఉంటారు, చెక్-ఇన్ మధ్యాహ్నం పన్నెండుకో రెండుకో. ముందు రాత్రి ఖాళీ అయితే పొద్దున్నే తాళం ఇస్తారా, సగం అద్దె అడుగుతారా, కనీసం సామాను వాచ్‌మన్ గదిలో పెట్టనిస్తారా అన్నది బుకింగ్‌కి ముందే రాతలో తీసుకోవాలి. తిరుగు ప్రయాణంలో కూడా ఇదే తంటా. పదకొండుకి ఖాళీ చెయ్యాలి, గోదావరి సాయంత్రం ఐదు దాటాక. ఓనరు కుదరదంటే సామాను స్టేషన్ క్లోక్ రూములో పెట్టండి, సూట్‌కేసుకి తాళం ఉండాలి. తాళం లేని బ్యాగులు అక్కడ తీసుకోరు.