న్యూమాటిక్ రూమ్ థర్మోస్టాట్ కొంటున్నారా? గేజ్ పెట్టి చూడకుండా డబ్బు కట్టకండి

ఆదోని, ఎమ్మిగనూరు, కర్నూలు వైపు మిల్లుల్లో మెయింటెనెన్స్ చూసే అన్నలందరూ దయచేసి ఇది పూర్తిగా చదవండి. కరెంటు లేకుండా కంప్రెసర్ గాలితో పనిచేసే రూమ్ థర్మోస్టాట్లు మన దగ్గర దొరకడం కష్టమైపోయింది. ఇదే అదనుగా, చేతికి దొరికిన పీస్ తెచ్చి గోడకు బిగించి బిల్లు పట్టుకెళ్లేవాళ్లు తయారయ్యారు. మా మిల్లులో అదే జరిగింది. డీలర్ పేరు రాయడం లేదు, కానీ ఏం చేశాడో మాత్రం వివరంగా చెబుతాను.

మాది నూలు టెస్టింగ్ రూమ్. 27 డిగ్రీలు, 65 శాతం తేమ ఉండాలి. రెండింట్లోనూ తేడా 2కు మించకూడదు. పత్తి నూలు తేమ పీల్చుకుంటే బలం పెరుగుతుంది, బరువు పెరిగి కౌంట్ (నూలు ఎంత సన్నగా ఉందో చెప్పే నంబర్) కూడా మారుతుంది. రూమ్ అటూ ఇటూ అయితే రిపోర్టు మీద నమ్మకం ఉండదు. మా ఏహెచ్‌యూలో (రూమ్‌కు గాలి పంపే యంత్రం) చల్లనీళ్ల కాయిల్, వేడినీళ్ల కాయిల్ రెండూ ఉన్నాయి. రెండు వాల్వులనూ నడిపేది ఒక్క థర్మోస్టాటే.

దానికి సుమారు 20 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) గాలి వస్తుంది. రూమ్ వేడిని బట్టి అది వాల్వులకు 3 నుంచి 15 పీఎస్ఐ మధ్య గాలి పంపుతుంది. డైరెక్ట్ యాక్టింగ్ రకంలో వేడి పెరిగితే ఈ ప్రెషర్ పెరుగుతుంది, రివర్స్ యాక్టింగ్‌లో తగ్గుతుంది. మా వేడినీళ్ల వాల్వు నార్మల్లీ ఓపెన్, అంటే గాలి లేకపోతే తెరిచి ఉంటుంది. చల్లనీళ్లది నార్మల్లీ క్లోజ్డ్. కాబట్టి మాకు డైరెక్ట్ యాక్టింగే కావాలి. ప్రెషర్ పెరుగుతుంటే ముందు వేడినీళ్లు ఆగిపోతాయి, తర్వాత చల్లనీళ్లు మొదలవుతాయి.

ఆ డీలర్ బిగించింది రివర్స్ యాక్టింగ్. మధ్యాహ్నం రూమ్ వేడెక్కగానే ప్రెషర్ పడిపోయింది, వేడినీళ్ల వాల్వు పూర్తిగా తెరుచుకుంది, చల్లనీళ్లు ఆగిపోయాయి. ఎండాకాలంలో బయట 40 దాటే ఊర్లో రూమ్‌లోకి వేడిగాలి కొట్టిందంటే ఆలోచించండి! ఫిట్టర్‌ను పిలిస్తే, "ఏం కాదు సార్, క్యాలిబ్రేషన్ చేస్తే సెట్ అయిపోతుంది" అని స్క్రూ తిప్పుతూ కూర్చున్నాడు. ఎంత తిప్పినా లాభం లేదు. ఏ డిగ్రీ దగ్గర ఎంత ప్రెషర్ రావాలన్నదే ఆ స్క్రూతో మారుతుంది, పనిచేసే దిక్కు మారదు. ఈ మాట చెప్పే ఫిట్టర్‌కు పని రాదని అక్కడే తేల్చుకోండి.

దీన్ని పట్టుకోవడం చాలా సులువు. వాల్వు వైపు వెళ్లే బ్రాంచ్ లైన్‌కు గేజ్ (ప్రెషర్ చూపే మీటర్) పెట్టించండి. సెట్టింగ్ డయల్‌ను బాగా కిందికి తిప్పండి. డైరెక్ట్ యాక్టింగ్ అయితే ప్రెషర్ పెరగాలి, పైకి తిప్పితే తగ్గాలి. దీనికి ఉల్టాగా జరిగితే అది రివర్స్. ఫిట్టర్ నిచ్చెన దిగకముందే ఈ పరీక్ష అయిపోతుంది. తర్వాత వాల్వు దగ్గరికి కూడా వెళ్లి, స్టెమ్ (వాల్వును తెరిచి మూసే కడ్డీ) నిజంగా కదులుతోందో లేదో కళ్లతో చూడండి.

వేసవి–చలికాలం మార్పిడి రకం ఇస్తామంటే మరీ జాగ్రత్త. మెయిన్ గాలి ప్రెషర్ ఒక లెవెల్‌లో ఉంటే ఒకలా, ఇంకో లెవెల్‌లో ఉంటే ఇంకోలా పనిచేసే పీసులవి. ఏ ప్రెషర్‌కు ఏ పని అన్నది కంపెనీని బట్టి మారుతుంది. డేటా షీట్ చేతికి ఇవ్వనిదే తీసుకోవద్దు.

ఇంకో ఘోరం, కొత్తదని బిల్లు వేసిన పీస్ పాతది. కవర్ మాత్రం మెరుస్తోంది. విప్పి చూస్తే స్క్రూల తలలు అరిగిపోయి ఉన్నాయి, లోపల నాజిల్ దగ్గర నల్లటి నూనె మరక. అది మా గాలి వల్ల వచ్చిందని డీలర్ వాదన. నిన్న బిగించిన దానికి ఇన్నేళ్ల మరక ఎలా వస్తుంది? అసలు గాలి లైన్‌లో ఫిల్టర్, డ్రయర్ ఉన్నాయో లేదో బిగించే ముందు చూడాల్సింది వాళ్లే కదా. లోపలి రంధ్రాలు చాలా సన్నవి. కొంచెం నూనె, నీటి చుక్కలు చేరినా మూసుకుపోతాయి. మిల్లు మెయిన్ లైన్ నుంచి రెగ్యులేటర్ ఒక్కటే పెట్టి నేరుగా లాగుతామంటే ఒప్పుకోకండి.

బిగించిన చోటు కూడా తప్పే. పడమటి ఎండ కాచే బయటి గోడ మీద పెట్టారు. రూమ్ గాలి తిరిగే లోపలి గోడ మీద, నేల నుంచి సుమారు 5 అడుగుల ఎత్తులో, ఏసీ గాలి సూటిగా తగలకుండా ఉండాలి. ట్యూబ్ వచ్చే రంధ్రం మూయకపోతే గోడ లోపలి గాలి వెనక నుంచి తగిలి తప్పు వేడి చూపిస్తుంది. మాకు అదీ మూయలేదు.

డబ్బు వాపసు అడిగితే, "మీరు థర్మోస్టాట్ అడిగారు, ఇచ్చాం" అంటున్నాడు. బిల్లులో 'రూమ్ థర్మోస్టాట్' అని ఒక్క ముక్క తప్ప వివరం లేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోదామంటే, 2019 చట్టం ప్రకారం వ్యాపార అవసరానికి కొన్నవాళ్లు వినియోగదారుల కిందికి రారు. మిల్లు తరఫున కొన్నప్పుడు కాగితం మీద ఏం రాయించుకున్నామన్నదే మనకు ఆధారం.

కాబట్టి పర్చేజ్ ఆర్డర్‌లోనే కంపెనీ, మోడల్ నంబర్, డైరెక్టా రివర్సా, ఒక గాలి పైపుదా రెండు పైపులదా, కొత్తదా రీకండిషన్ చేసిందా అన్నీ రాయించండి. మీ వాల్వుల స్ప్రింగ్ రేంజ్ (ఏ ప్రెషర్ నుంచి ఏ ప్రెషర్ మధ్య వాల్వు కదులుతుందో) కూడా అందులో చేర్చండి. గేజ్ పరీక్ష మీ ఎదుట పాసైతేనే మిగతా డబ్బు ఇస్తామని ఒక లైను పెట్టండి. ఆ లైనుకు ఒప్పుకోని డీలర్ దగ్గర కొనకండి.