వేలు కదలకముందే గీత కదిలింది

పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిన ఆరో వారంలో ఫిజియోథెరపిస్టు నా ముంజేతి మీద యంత్రానికి తీగలతో కలిపిన మూడు అంటుబిళ్లలు (ఎలక్ట్రోడ్లు) అంటించి, "మణికట్టు పైకెత్తండి" అన్నారు. చెయ్యి బల్ల మీద కట్టెలా పడి ఉంది. తెర మీద పచ్చగీత మాత్రం 4 మైక్రోవోల్టుల నుంచి 11కి లేచింది. యంత్రం కూసింది. నాకు ఏడుపొచ్చింది. చెయ్యి చచ్చిపోలేదని అప్పటిదాకా ఎవరు చెప్పినా నమ్మలేదు, ఆ కూతను నమ్మాను.

చూడవచ్చిన ప్రతివారూ "కరెంటు పెడుతున్నారా?" అని అడిగేవారు. నేను వాడిన యంత్రం కరెంటు పెట్టదు. కండలో పుట్టే విద్యుత్తును పట్టి, మైక్రోవోల్టుల్లో కొలిచి చూపిస్తుంది. దీన్ని ఈఎంజీ బయోఫీడ్‌బ్యాక్ అంటారు. యంత్రం కూయాలంటే గీత దాటాల్సిన హద్దును వారం వారం కొంచెం పెంచుతూ పోయాం.

నాలుగో నెలలో చిన్న యంత్రం అద్దెకు తెచ్చి ఇంట్లోనే మొదలుపెట్టాను. పది రోజుల్లో అంకె 40 దాటింది. మా ఆవిడ ఫోన్ చేసి బంధువులందరికీ చెప్పింది. తర్వాత ఆసుపత్రికి వెళితే, థెరపిస్టు ఆ బిళ్లలు ఒలిచి, రెండు వేళ్ల వెడల్పు పక్కకు జరిపి అంటించారు. అంకె 13! నేను బిళ్లలు తప్పుచోట, పిడికిలి బిగించే కండల మీద పెట్టుకున్నాను. పది రోజులూ చెయ్యి తెరుస్తున్నాననుకుని పిడికిలి బిగించడం సాధన చేశాను. అసలే బిగుసుకుపోయిన కండలను ఇంకా బిగించి కూత వినిపించుకున్నాను. ఆ బిగువు సడలడానికి నెల పట్టింది. అప్పటి నుంచి బిళ్లలు పెట్టే చోట మా ఆవిడ పెన్నుతో చుక్కలు పెట్టేది. ఎండాకాలంలో చెమటకు బిళ్లలు జారితే స్పిరిటుతో తుడిచి, మళ్లీ చుక్కలు పెట్టి అంటించేది.

మొదట్లో పొగిడినంతగా ఇప్పుడు పొగడలేను. తెర ముందు 60 చూపించిన చెయ్యి కంచం ముందు ముద్ద కలపలేకపోయింది. అది రోజూ గిన్నెలో శనగలు ఏరితే వచ్చింది. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2007లో ఈ పద్ధతి మీద చేసిన సమీక్ష కూడా 13 ప్రయోగాలను కలిపి చూసి, మామూలు ఫిజియోథెరపీకి మించిన లాభం తేలలేదనే చెప్పింది. అయినా ఆ మొదటి కూత లేకపోతే శనగల దాకా వచ్చేవాణ్ని కాదు.

నాకు స్పర్శ పోలేదు, మాట పోలేదు, కండలో కాస్త ప్రాణం మొదటి నుంచీ ఉంది, పక్కన మనిషి ఉంది. ఇవేవీ లేనివాళ్లకు ఇది ఎంత పనికొస్తుందో నేను చెప్పలేను. ఇంటికి తెచ్చుకునేవాళ్లు మాత్రం బిళ్లలు ఎక్కడ పెట్టాలో థెరపిస్టు ఎదుట మీరే పెట్టి చూపించి, సరే అనిపించుకున్నాకే తెచ్చుకోండి.

పద్నాలుగు నెలలయ్యాక యంత్రం తిరిగిచ్చేశాను. చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నాను. మెడ దగ్గరిది ఇంకా మా ఆవిడే పెడుతుంది.