పిల్లల ఫోన్‌కు, ఇంట్లో ల్యాప్‌టాప్‌కు ఏ కంట్రోల్ మేలు?

మే నెలలో కర్నూలు ఎండ సంగతి ఇక్కడి వాళ్లకు చెప్పనక్కర్లేదు. పది దాటితే పిల్లల్ని గడప దాటనివ్వలేం. సాయంత్రం ఐదున్నర దాకా ఇంట్లోనే ఉండాలి, చేతిలో ఫోన్ ఉండాలి. పోయిన వేసవిలో అలాంటి ఒక మధ్యాహ్నం నాకు బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది: ఏదో ఆటకు 1,180 రూపాయలు కట్టారని. నేను కూరగాయల బండి దగ్గర యూపీఐ పిన్ కొడుతుంటే ఆరో తరగతి చదివే మా అబ్బాయి చూసి గుర్తుపెట్టుకున్నాడు. అడిగితే "కాయిన్స్ వస్తాయని కొట్టినా మా" అని ఏడ్చాడు. వాడికి అది డబ్బులా అనిపించలేదు. తప్పు వాడిది ఎంతో, ఏ అడ్డూ పెట్టకుండా ఫోన్ చేతికిచ్చిన నాదీ అంతే.

ఆ తర్వాత, పిల్లల ఫోన్, కంప్యూటర్ వాడకానికి హద్దు పెట్టే పేరెంటల్ కంట్రోల్స్‌ను నెల రోజులు ఒక్కొక్కటీ పెట్టి చూశాను. మా ఇంట్లో ఉన్నవి ఇవి: వాడికి ఇచ్చిన నా పాత ఆండ్రాయిడ్ ఫోన్, పదో తరగతి అమ్మాయి చదువుకునే విండోస్ ల్యాప్‌టాప్, ఇంటర్నెట్ కనెక్షన్‌తో వచ్చిన వైఫై రౌటర్. బెంగళూరులో ఉండే మా తమ్ముడి ఇంట్లో పాపకు ఐఫోన్ ఉంది కాబట్టి దాని సంగతీ చూశాను.

ఆండ్రాయిడ్ ఫోన్‌కు గూగుల్ వాళ్ల ఫ్యామిలీ లింక్ కంటే మేలైనది నాకు కనిపించలేదు. పైసా ఖర్చు లేదు. రోజుకు ఎన్ని గంటలు, రాత్రి ఎన్నింటికి ఫోన్ మూతపడాలి, ఏ యాప్‌కు ఎంతసేపు అన్నీ నా ఫోన్ నుంచే పెట్టొచ్చు. ప్లే స్టోర్‌లో కొత్తది ఏది వేసుకోవాలన్నా నాకు అడుగుతూ నోటిఫికేషన్ వస్తుంది, నేను సరే అంటేనే దిగుతుంది. ప్లే స్టోర్ ద్వారా కొనేవాటికీ అంతే. పిల్లాడు ట్యూషన్‌కు పోయాడో లేదో లొకేషన్‌లో కనిపిస్తుంది. వాట్సాప్‌లో ఎవరితో ఏం మాట్లాడుతున్నాడో మాత్రం చూపించదు. నాకైతే అదే సరి అనిపించింది.

అయితే చాలా ఇళ్లలో ఇది పనిచేయక వదిలేస్తున్నారు. కారణం ఒక్కటే. పిల్లల ఫోన్‌లో అమ్మదో నాన్నదో గూగుల్ అకౌంట్ ఉంటుంది. లేదంటే మొబైల్ షాపులో పుట్టిన సంవత్సరం ఏదో ఒకటి కొట్టి, పదేళ్ల పిల్లాణ్ని పాతికేళ్లవాణ్ని చేసి అకౌంట్ తెరిచి ఇస్తారు. పెద్దవాళ్ల వయసున్న అకౌంట్ మీద ఫ్యామిలీ లింక్ పట్టు ఉండదు. మా పక్కింటి వాళ్లదీ ఇదే కథ, వారం రోజులు తలపట్టుకున్నారు. పిల్లాడి అసలు పుట్టినతేదీతో కొత్త అకౌంట్ తెరిచి, పాతదాన్ని ఫోన్‌లోంచి తీసేస్తే సగం పని అయిపోయినట్టే.

ల్యాప్‌టాప్‌కు మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీ. ఇది కూడా ఉచితమే, వారం వారం మెయిల్‌కు రిపోర్టు వస్తుంది. ఏ గంట నుంచి ఏ గంట దాకా కంప్యూటర్ తెరుచుకోవాలో బాగా పెట్టొచ్చు. కానీ వెబ్‌సైట్ల వడపోత మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎడ్జ్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. వడపోత పెట్టగానే క్రోమ్ లాంటి మిగతా బ్రౌజర్లు ఆగిపోతాయి. "నా బుక్‌మార్కులన్నీ క్రోమ్‌లో ఉన్నాయి, టెస్టులు ఎట్ల రాయాల?" అని మా అమ్మాయి రెండు రోజులు అలిగింది. ఆ బుక్‌మార్కుల్ని ఎడ్జ్‌లోకి తెచ్చిపెట్టాక సద్దుకుంది. ఇంకో జాగ్రత్త: ల్యాప్‌టాప్ కొన్నప్పటి నుంచి ఇంటిల్లిపాదీ ఒకే అడ్మిన్ అకౌంట్‌తో (ఏ సెట్టింగ్ అయినా మార్చగలిగే అకౌంట్) వాడుతుంటే దీనివల్ల ఉపయోగం లేదు. పిల్లలకు వేరే మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి, దాన్ని మామూలు యూజర్‌గానే ఉంచాలి.

ఐఫోన్ ఉన్నవాళ్లకు విడిగా ఏదీ వెతకక్కర్లేదు. వాడకానికి హద్దులు పెట్టే స్క్రీన్ టైమ్ 2018 నుంచి దాంట్లోనే ఉంది. చిక్కు ఎక్కడంటే, దూరం నుంచి నడిపించాలంటే తల్లిదండ్రుల దగ్గరా ఆపిల్‌దే ఉండాలి. అమ్మానాన్నలవి ఆండ్రాయిడ్ ఫోన్లయితే పిల్లల ఐఫోన్‌లోనే కూర్చుని అన్నీ సెట్ చేసి, స్క్రీన్ టైమ్‌కు వేరే కోడ్ పెట్టుకోవాలి. ఆ కోడూ ఫోన్ తెరిచే కోడూ ఒకటే అయితే పెట్టి లాభం లేదు.

ఇక రౌటర్ సంగతి. రౌటర్ సెట్టింగ్స్‌లో డీఎన్‌ఎస్ (సైట్ పేరు కొడితే దాని అడ్రస్ వెతికిపెట్టేది) అని ఉన్నచోట క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ కంపెనీ వాళ్ల 1.1.1.3 వేస్తే ఇంటి వైఫై మీద నడిచే అన్నింటికీ అశ్లీల సైట్లు, వైరస్ అంటించే సైట్లు చాలావరకు ఆగిపోతాయి. 2020 ఏప్రిల్‌లో మొదలైన ఉచిత సేవ ఇది. పది నిమిషాల పని. మా జేజి ఫోన్‌కు కూడా మేలే జరిగింది, ఏ లింకు వచ్చినా నొక్కేస్తుంది ఆమె. కానీ ఇది టైమ్ చూడదు, యూట్యూబ్ లోపల ఏం చూస్తున్నారో దీనికి తెలియదు. పిల్లాడు పక్కింటి అన్న హాట్‌స్పాట్ పట్టుకున్నాడంటే దీని అడ్డే ఉండదు. తోడుగా పెట్టుకోవాలి గానీ, ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

డబ్బు కట్టేవాటిలో కస్టోడియో లాంటివి విండోస్, మ్యాక్, ఆండ్రాయిడ్, ఐఫోన్ అన్నింటినీ ఒకే చోట చూపిస్తాయి. ఒక్క పరికరానికైతే ఉచితం, ఎక్కువైతే ఏడాది చందా. ఇంట్లో ఐఫోనొకటి, ఆండ్రాయిడొకటి, పైగా రెండు ల్యాప్‌టాప్‌లు ఉన్నవాళ్లకు ఆ చందా కట్టడం తప్పు కాదు. మాకు అవసరం లేదని ఆగిపోయాను. పిల్లలు ఏం చూశారు, ఎక్కడ తిరిగారు అన్న లెక్కంతా ఇంకో కంపెనీ దగ్గర చేరడం కూడా నాకు నచ్చలేదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. ఆ అనుమతి ఇచ్చే చెయ్యి మనదే కాబట్టి ఒకటికి రెండుసార్లు చదివి నొక్కాలి.

పిల్లలకు తెలియకుండా దాక్కుని మెసేజ్‌లు, ఫోటోలు లాగే యాప్‌లు కూడా అమ్ముతున్నారు. వాటిని నేను పోల్చి చూడలేదు, చూడను కూడా. పదిహేనేళ్ల ఆడపిల్ల తన స్నేహితురాలితో చెప్పుకున్న మాట దొంగచాటుగా చదివితే, రేపు ఎవడైనా బెదిరిస్తే ఆ పిల్ల నా దగ్గరికి రాదు. ఆ భయం నాకు గట్టిగా ఉంది. అలాంటిది జరిగితే సైబర్ నేరాలకు 1930, పిల్లల సహాయానికి 1098 ఉన్నాయని ఇద్దరికీ చెప్పి, నంబర్లు ఫ్రిజ్ మీద అంటించాను.

చివరికి మా ఇంట్లో నిలిచినవి: ఫోన్‌కు ఫ్యామిలీ లింక్, ల్యాప్‌టాప్‌కు ఫ్యామిలీ సేఫ్టీ, రౌటర్‌లో 1.1.1.3. ఖర్చు సున్నా, ఒక ఆదివారం పూట పట్టింది. యూపీఐ పిన్ మార్చాను. అన్నీ ఇద్దరినీ పక్కన కూర్చోబెట్టుకునే పెట్టాను. మామూలు రోజుల్లో గంటన్నర, సెలవుల్లో రెండున్నర గంటలు, రాత్రి తొమ్మిదికి బంద్. తొమ్మిదిన్నర కావాలని అబ్బాయి గట్టిగా అడిగాడు. శనివారం ఒక్కరోజుకు ఒప్పుకున్నాను.