థాయ్ సీరియల్స్‌కి షేరింగ్ అకౌంట్ అమ్ముతానంటే డబ్బు కట్టకండి

గంట క్రితం జరిగింది. చేతులు ఇంకా వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకుని చదవండి.

థాయ్, కొరియన్ సీరియల్స్ చూసేవాళ్లకి ఆ మనిషి తెలిసే ఉంటాడు. ఎవరు ఏ సీరియల్ గురించి అడిగినా వెంటనే కింద కామెంట్లలో వచ్చి వాలతాడు. "ఏడాది ప్రీమియం 1,299 మాత్రమే, ఇన్‌బాక్స్‌కి రండి అక్కా." అతనే. నేనూ వెళ్లాను. క్యూఆర్ కోడ్ పంపాడు, కట్టాను, పది నిమిషాల్లో సీరియల్స్ యాప్ పాస్‌వర్డ్ వచ్చింది. ఎంత మంచి కుర్రాడో అనుకున్నాను.

నా కోసం కూడా కాదు. అమ్మకి మోకాలి ఆపరేషన్ అయి నెలన్నరగా మంచం మీదే ఉంది. తెలుగు సీరియల్స్‌లో ఏడుపులు చూడలేనంటుంది. అందుకని 'లవ్ డెస్టినీ' పెట్టాను. 2018లో థాయిలాండ్‌లో ఛానల్ 3లో వచ్చింది, మొత్తం 15 ఎపిసోడ్లు. పురావస్తుశాస్త్రం చదివిన అమ్మాయి కారు ప్రమాదంలో చనిపోయి, నారాయ్ రాజు కాలంలో, థాయిలాండ్ పాత రాజధాని అయుత్థయలో ఒక గయ్యాళి అమ్మాయి ఒంట్లోకి చేరుతుంది. ఆ గయ్యాళిని చేసుకోవాల్సిన అబ్బాయికి అప్పటికే ఆమె మొహం చూస్తేనే మంట. ఇక అక్కణ్ణించి నవ్వే నవ్వు.

ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ నేను చదివి అమ్మకి తెలుగులో చెప్పేదాన్ని. పాతకాలపు థాయ్‌లో 'నువ్వు' అనడానికి 'ఓచావ్' అంటారు. మొదటిసారి విన్నప్పుడు అమ్మ కంగారుపడి, "అదేంటే, పిల్లని పట్టుకుని చావు అంటున్నాడు!" అంది. ఆ సీరియల్ థాయ్ పేరు 'బుప్పేసన్నివాత్' అని చెప్తే, ఒక్క క్షణం ఆలోచించి, "పూర్వ సన్నివాసం... అంటే పూర్వజన్మ సంబంధం" అని తనే తేల్చేసింది. అయుత్థయ అంటే మన అయోధ్య పేరేనని చెప్పాక ఇంకా దగ్గరైపోయింది. ఆ అమ్మాయి పచ్చి మామిడికాయ ముక్కల్ని తియ్యటి చేపల సాస్‌లో అద్దుకు తినే చోట రెండుసార్లు వెనక్కి తిప్పించుకుని చూసింది. ఉప్పూకారం అయితే ఇంకా బాగుండేదట. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి వచ్చే టైముకి కూడా ఎపిసోడ్ ఆపనిచ్చేది కాదు. ఆ నొప్పిలో అమ్మ అంతలా నవ్వడం నాకు ఎంత విలువైనదో చెప్పలేను.

తొమ్మిదో ఎపిసోడ్ మధ్యలో ఆగిపోయింది. ఒకేసారి ఎక్కువ మంది చూస్తున్నారని తెర మీద వచ్చింది. మర్నాడు అసలు పాస్‌వర్డే మారిపోయింది. ఒకే అకౌంట్‌ని ఎంతమందికి అమ్మాడో! మెసేజ్ పెడితే రెండు రోజులు "చూస్తున్నా అక్కా", "సాయంత్రానికి అయిపోద్ది అక్కా". ఇవాళ ఫోన్ చేశాను. అమ్మకి నూనె రాస్తున్నాను కదా, చేతులు ఖాళీ లేక స్పీకర్ ఆన్ చేశాను. నేను ఒక్క మాట గట్టిగా అనలేదు. "బాబూ, ఏడాదికి తీసుకున్నావు, మూడు వారాలు కూడా రాలేదు. కొత్త పాస్‌వర్డ్ ఇవ్వు, లేకపోతే డబ్బు వెనక్కి పంపు" అన్నాను.

నవ్వాడు. "1,299కి ఇంకేం వస్తుంది ఆంటీ, థాయిలాండ్‌కి ఫ్లైట్ టికెట్టా? సీరియల్ కోసం ఇంత ఏడుపేంటి, పని లేదా మీ ఇంట్లో?" అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే బ్లాక్.

డబ్బు వెనక్కి అడిగేదాకా అక్కని. ఆ తర్వాత ఆంటీని, పని లేనిదాన్ని. పక్కన అమ్మ అంతా వింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నా వల్లేనే నీకీ మాటలన్నీ" అంది. నాకు డబ్బు పోయినందుకు కాదు, ఆ మాట అమ్మ నోట్లోంచి వచ్చినందుకు కడుపు రగిలిపోతోంది.

తప్పు నాది కూడా ఉంది. వేరేవాళ్ల అకౌంట్‌ని మరొకరు అమ్మడం ఏంటని ఒక్క నిమిషం ఆలోచించి ఉండాల్సింది. యాప్ వాళ్ల కస్టమర్ కేర్‌కి చెప్తే, అకౌంట్ మీ పేరు మీద లేదు, మేమేం చేయలేం అన్నారు. వాళ్లనీ అనలేను. ఇంకో సంగతి, అతను చాట్‌లో 24 గంటలకు మెసేజ్‌లు మాయమయ్యే సెట్టింగ్ పెట్టాడు. పైన చిన్న అక్షరాల్లో కనపడుతూనే ఉంది, నేను పట్టించుకోలేదు. "ఏడాది గ్యారంటీ" అన్న మెసేజ్ ఇప్పుడు లేదు. నా దగ్గర మిగిలింది బ్యాంకు నుంచి వచ్చిన యూపీఐ మెసేజ్ ఒక్కటే. దానితోనే ఇందాక సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. చిన్న మొత్తమని ఊరుకోదలచుకోలేదు. మీలో ఎవరైనా ఇలాగే పోగొట్టుకుని ఉంటే మీరూ చేయండి.

కొనాలంటే మీ ఫోన్ నంబరు మీద, యాప్ లోపలే నెలకి కట్టుకోండి. తేలిగ్గా నవ్వుకునే కథలే కావాలంటే థాయ్ సీరియల్స్ తీసే జీఎంఎంటీవీ వాళ్ల యూట్యూబ్ ఛానల్‌లో చాలా సిరీస్‌లు ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌తో ఉచితంగానే ఉన్నాయి. 2020లో వచ్చిన 'టుగెదర్' కూడా అక్కడే పెట్టారు, ఒక్కో ఎపిసోడ్‌ని నాలుగు ముక్కలుగా. ఎవరైనా ఇన్‌బాక్స్‌కి రమ్మంటే మాత్రం వెళ్లకండి. వెళ్లినా ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి.

అమ్మ ఇప్పుడే పిలిచి, ఆ ఇద్దరికీ పెళ్లయిందో లేదో కథ అయినా చెప్పమంది. చెప్పనన్నాను. రేపు నా పేరు మీదే నెల ప్యాక్ తీసుకుంటాను, తొమ్మిదో ఎపిసోడ్ మొదటి నుంచి పెడతాను.