బండ మీదుగానా, ఒర్రె వెంటనా? చలికాలంలో బాటలేని గుట్ట ఎక్కడానికి ఏది మేలు

తెలంగాణలో రాచకొండ, దేవరకొండ, కోయిలకొండ చుట్టుపక్కల మెట్ల దారి ఉన్న గుట్టలు కొన్నే. మిగతా వాటికి మేకల బాట సగం దాకా పోయి పరికి పొదల్లో కలిసిపోతుంది. అక్కడి నుంచి కొన చేరడానికి రెండు మార్గాలు. ఒకటి నున్నటి బండ మీదుగా నేరుగా పోవడం. రెండోది రెండు బండల నడుమ వాన నీళ్లు కోసిన ఒర్రె పట్టుకుని పోవడం. డిసెంబరు, జనవరిలో తాడు లేకుండా ఇద్దరే పోతుంటే ఎక్కడానికి బండ మేలు, దిగడానికి చాలాసార్లు ఒర్రె మేలు. కారణం గుట్ట ఆకారంలోనే ఉంది.

మన గ్రానైటు గుట్టలు ఉల్లిగడ్డలా పొరలు పొరలుగా ఊడి గుమ్మటాల్లా తయారయ్యాయి. భువనగిరి ఖిల్లా బండను దూరం నుంచి చూస్తే ఇది బాగా తెలుస్తుంది. పక్కలు నిటారుగా ఉంటాయి, పైకి పోయినకొద్దీ వాలు తగ్గుతుంది. ఎక్కేవాళ్లకు కష్టమంతా మొదట్లోనే, కళ్లముందే ఉంటుంది. భయమేస్తే పది అడుగుల ఎత్తు నుంచే వెనక్కి రావచ్చు. దిగేవాళ్లకు ఇది తిరగబడుతుంది. పైన హాయిగా నడుస్తుండగానే వాలు కొంచెం కొంచెంగా పెరుగుతుంది, బండ వంపు తిరిగే చోట కింద ఏముందో కనబడదు. ఇక వద్దనుకుని మళ్లీ పైకి తిరిగేసరికి కాళ్లు వణుకుతుంటాయి. అందుకే తాము ఎక్కిన బండ మీదుగా తప్ప మరో బండ మీదుగా దిగకూడదు.

ఎంత వాలు దాకా పోవచ్చన్నది కంటితో తేలదు, ఎదురుగా నిలబడి చూస్తే ప్రతి బండా గోడలాగే ఉంటుంది. ఫోనులో వాలు కొలిచే సాధనం తెరిచి, ఫోను అంచును బండకు ఆనించి చూడండి. 25 డిగ్రీల లోపైతే మామూలు నడక. 25 నుంచి 35 దాకా పొడి బండ, బూటుకు మంచి రబ్బరు అడుగు ఉంటేనే. 35 దాటితే పక్కకు తిరగండి. అడుగు మొత్తం బండకు ఆనాలి, ఒంటి బరువు నేరుగా పాదాల మీద పడాలి. భయంతో బండ మీదికి ఒరిగితే పట్టు పెరుగుతుందనుకుంటారు కానీ, బరువు చేతుల మీదికి పోయి పాదం వెనక్కి జారుతుంది. ప్రతి పది అడుగులకూ ఒకసారి రెండు అడుగులు వెనక్కి దిగి చూడండి. ఆ రెండూ దిగలేకపోతే అంతకంటే పైకి పోవద్దు.

బండ మీద జారడానికి మూడు కారణాలు. మొదటిది మంచు. తెల్లవారుజామున పడ్డ మంచుతో బండపాచి, వాన నీళ్లు కారిన నల్ల చారలు సబ్బులా మారతాయి. డిసెంబరు మూడోవారంలో ఇక్కడ పొద్దు పొడిచేది 6.40 ప్రాంతంలో, అదీ ఆగ్నేయం వైపు నుంచి. కాబట్టి తూర్పు, దక్షిణం ముఖంగా ఉన్న బండలు ముందు ఆరతాయి. తూర్పు బండను తొమ్మిదింటికి మొదలుపెట్టవచ్చు, పడమటి బండకు పది దాటాలి. ఉత్తరం ముఖంగా ఉన్న నిటారు బండ మీద ఈ నెలల్లో ఎండ సరిగా పడదు, దాన్ని వదిలేయడమే మంచిది. రెండోది బండ అరిగి రాలిన గరుసు. కాలి కింద గోలీల్లా దొర్లుతుంది. అది గుంటల్లో, పగుళ్ల పక్కన పోగవుతుంది కాబట్టి అక్కడ అడుగు వేసేముందు కాలితో ఊడ్చాలి. మూడోది ఊడటానికి సిద్ధంగా ఉన్న పొర. పిడికిలితో తట్టితే డొల్ల చప్పుడు వస్తుంది. అలాంటి అంచును పట్టుకుని ఒళ్లు లాక్కోవద్దు.

బండ మీద ఒకరి వెనక ఒకరు నిలువు వరుసలో నడవకూడదు. పైవాళ్లు జారితే కిందివాళ్లనూ తీసుకుపోతారు. ఇద్దరి మధ్య అడ్డంగా ఐదారు అడుగుల ఎడం ఉంచండి. స్నేహం కొద్దీ చెయ్యి అందించడం కూడా ఇక్కడ ప్రమాదమే, జారే మనిషిని చేత్తో ఆపగలిగే వాలు కాదది. ఇద్దరిలో అలవాటు తక్కువున్న వాళ్లకు కుదిరిందే దారి.

చూరులా ముందుకు పొడుచుకొచ్చిన బండల కింద పెద్ద తేనెపట్లు వేలాడుతుంటాయి. కొండ తేనెటీగలు లేస్తే ఒర్రెలోనైతే పొదల్లో దూరవచ్చు, బండ మీద పరుగెత్తే వీలే లేదు. అందుకే పట్టు కనబడితే ఆ ముఖమే మానుకోవాలి. సెంటు పూసుకోవద్దు, బీడీ సిగరెట్లు ముట్టించవద్దు.

ఇక ఒర్రె. పడితే లోతుకు పోయే భయం తక్కువ, పట్టుకోవడానికి చెట్టూ గుండూ ఉంటాయి. బదులుగా సమయం తింటుంది. ఆరు వందల అడుగుల ఎత్తును బండ మీదుగా గంటలో ఎక్కేవాళ్లకు ఒర్రెలో రెండు గంటలపైనే పడుతుంది. రేగు, పరికి ముళ్లు వెనక్కి వంగి ఉంటాయి, లాగితే ఇంకా దిగుతాయి. ఒక అడుగు వెనక్కి వేసి విడిపించుకోవాలి. ఎండిన గడ్డి ముళ్లు ఊలు స్వెటరులో దిగితే తీయలేరు, నున్నటి గట్టి బట్ట వేసుకోండి. గుండ్ల సందుల్లో చెయ్యి పెట్టేముందు కట్టెతో కొట్టి చూడాలి. చలికాలంలో పాములు తిరగవన్నది తప్పు, రక్తపింజరి పొద్దున ఎండకు బయటికొచ్చి పడుకుంటుంది. గుహలాంటి సందుకు దూరంగా పోండి, ఆడ ఎలుగులు పిల్లల్ని పెట్టేది ఈ నెలల్లోనే. మాట్లాడుకుంటూ నడవడం ఇక్కడ మంచి అలవాటు. బండకు భిన్నంగా ఒర్రెలో ఇద్దరూ దగ్గరగా, రెండు మూడు అడుగుల్లోనే ఉండాలి. దూరముంటే పైవాళ్ల కాలి కింద కదిలిన రాయి వేగం పుంజుకుని కిందివాళ్లకు తగులుతుంది.

బూట్ల దగ్గర రెండు దారులకూ పొత్తు కుదరదు. అడుగున లోతు గాళ్లు (చాళ్లు) ఉన్న ట్రెక్కింగు బూటు ఒర్రెలో బాగుంటుంది, బండకు మెత్తటి చదును రబ్బరు అడుగు కావాలి. ఒకే జత అయితే గాళ్లు తక్కువున్నదే తీసుకోండి. నీళ్లు మనిషికి మూడు లీటర్లు. పైన దొనల్లో (బండ గుంటల్లో) నీళ్లు నిలిచి ఉన్నా అవి తాగడానికి కాదు.

నల్లమలలో ఈ ఎంపికే లేదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అనుమతి లేకుండా అడుగుపెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. రాచకొండ వైపూ రిజర్వు ఫారెస్టు ఉంది కాబట్టి ముందు రోజే అటవీ కార్యాలయంలో అడగండి. ఊళ్లో మేకల కాపరిని అడిగితే ఏ ఒర్రె కింద దాకా దిగుతుందో, ఏది నడుమ పదిహేను అడుగుల నిటారు పల్లం దగ్గర ఆగిపోతుందో చెబుతారు. అలా తెలియని ఒర్రెలో దిగడం కన్నా ఎక్కిన బండనే తిరిగి దిగడం నయం. అందుకోసం ఎక్కేటప్పుడు వంపు తిరిగిన ప్రతిచోటా కిందికి తిరిగి ఫొటో తీసుకోండి.

డిసెంబరులో పొద్దు 5.45 ప్రాంతంలోనే కుంకుతుంది. కొన చేరినా చేరకపోయినా ఒంటిగంటకు వెనక్కి తిరగాలి. ఎక్కడో లెక్క తప్పి పైనే చీకటి పడితే టార్చి వెలుగులో బండ దిగవద్దు. కింద ఊరివాళ్లకు ఫోను చేసి, దెబ్బ తగిలితే 108కి చెప్పి, గాలి తగలని గుండు చాటున చదును బండ మీద ఒక దుప్పటిలో ఇద్దరూ ఆనుకుని కూర్చోండి. మర్నాడు బండ ఆరిన తర్వాతే కదలాలి.