మూటల్లో వచ్చే మొక్కజొన్న పాతరగడ్డి: ఒక వేసవి అనుభవం

వేసవిలో పచ్చిమేత కరువై, మా 6 ముర్రా గేదెల కోసం ఒక ప్రైవేటు సరఫరాదారు నుంచి మొక్కజొన్న పాతరగడ్డి మూటలు తెప్పించాము. గింజ పాలు పోసుకుని గట్టిపడుతున్న దశలో పైరును కోసి, ముక్కలు చేసి, గాలి చొరకుండా బిగించిన మేత ఇది. పులిసేటప్పుడు పుట్టే లాక్టిక్ ఆమ్లమే దీనిని నెలల తరబడి చెడకుండా కాపాడుతుంది.

మంచి మూట విప్పగానే కమ్మని పుల్లటి వాసన వచ్చింది. పిడికిట బిగించి వదిలితే అరచేతికి తడి అంటిందే తప్ప నీరు కారలేదు. ఒక్కో గేదెకు రోజుకు 5 కిలోలతో మొదలుపెట్టి, పది రోజుల్లో 15 కిలోలకు పెంచాము. గేదెలు గాడిలో ఒక్క పరక మిగల్చలేదు, ఏటా ఏప్రిల్‌లో తగ్గిపోయే పాలు ఈసారి నిలకడగా ఉన్నాయి. ఇందులో మాంసకృత్తులు తక్కువ కనుక వేరుశనగ చెక్క మానలేదు. వాసన పాలకు పట్టకుండా, పాలు పితికిన తరువాతే వేశాము.

అయితే రెండు మూటలు చిరిగి వచ్చాయి. లోపల తెల్లని బూజు పట్టి, ముట్టుకుంటే వేడిగా ఉన్న ఆ మేతను పశువులకు పెట్టడం ప్రమాదమని ఎరువు గుంతలో వేశాము. బదులు ఇవ్వడానికి సరఫరాదారు ఒప్పుకోకపోవడం చాలా బాధ కలిగించింది.

పాడి గేదెలకు ఈ ఖర్చు తగినదే. వట్టిపోయిన వాటికి మాత్రం, 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియా నీళ్లలో కలిపి చల్లి, 21 రోజులు కప్పి ఉంచిన గడ్డి చౌకగా సరిపోతుంది.